చౌరస్తా మైకులో నా గొంతు

ముప్పై నిండకముందే రిటైరయ్యాను. శాలువా లేదు, దండ లేదు. "రేపటి సంది రావద్దంట" అని ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్లో చెప్పి, నేను సరే అనేలోపే పెట్టేశాడు. నా పదవీ విరమణ సభ అంతే.

ఇప్పుడు మళ్ళీ పోలీసు కంట్రోల్ రూములకు ఔట్‌సోర్సింగ్ మీద ఆడపిల్లలను తీసుకుంటున్నారని విన్నాను. ఇంటర్వ్యూలో టైపింగ్ అడుగుతారు, ఎక్సెల్ వచ్చా అని అడుగుతారు. అసలు పనేమిటో ఎవరూ చెప్పరు. ఎదురుగా కూర్చుని చెప్పమంటే నాకూ నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: నేను తిరిగింది ఈ మూడు ఊళ్ళే. మైకు పట్టింది ఏ ఊళ్ళోనో చెప్పను. మూడు ఊళ్ళవాళ్ళూ "మా దగ్గర కాదులే" అనుకోవచ్చు. మూడు ఊళ్ళవాళ్ళూ "అచ్చం మా దగ్గరే" అని కూడా అనుకుంటారని నా అనుమానం.

చెరగడం

బస్సులో దిగాల్సిన చోట "ఆపండి" అని అరవలేక, ఇంకెవరైనా అరుస్తారేమోనని చూసి, ఎవరూ అరవకపోతే తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచే మనిషిని నేను. అలాంటిదాన్ని ఊరంతటికీ వినిపించే మైకు ముందు కూర్చోబెట్టారు.

చేరింది టైపింగుకే. గది చౌరస్తా పక్కనే, మేడ మీద. గోడ నిండా తెరలు. తెరల మీద చౌరస్తాలు, బస్టాండు, మిల్లుల రోడ్డు. స్తంభాలకు కెమెరాలతో పాటు మైకులు కూడా కట్టారు. అంతకుముందు మైకులో మాట్లాడే కానిస్టేబుల్ గొంతు విని ఒక సైకిలాయన హడలిపోయి కాలువలో పడ్డాడట. అప్పుడు ఇన్‌స్పెక్టర్ సార్ గదంతా ఒకసారి చూసి, నా దగ్గర ఆగారు.

"ఈ అమ్మాయి చేత చెప్పించండి. ఆడపిల్ల గొంతయితే తిట్టినట్టు ఉండదు."

మొదటి రోజు "హెల్మెట్ ధరించండి" అన్నాను. అర క్షణం తర్వాత అదే మాట కిటికీలోంచి ఎవరిదో గొంతులా తిరిగి వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను, ఎవరన్నారా అని.

పని నేర్పింది హెడ్ కానిస్టేబుల్ దేవదానం అన్న. ఇంకొన్నేళ్ళలో రిటైరవుతాడు. ఆదివారం చర్చికి వెళ్ళడానికి పర్మిషన్ అడగడం, అది దొరక్కపోవడం ఆయన జీవితంలో స్థిరమైన సంగతులు.

"సునీతమ్మా, సార్ మాట మిల్లుల కెళ్ళి వచ్చిన బియ్యం గాదు. అండ్ల రాళ్ళుంటయ్, మట్టిబెడ్డలుంటయ్. నువ్వు సెరిగి పొయ్యాలె. గంతే ఉద్యోగం."

ఇంతకన్నా మంచి శిక్షణ నాకు ఏ ట్రైనింగులోనూ దొరకలేదు. సార్ "ఆ ఆటో వెధవని అక్కణ్ణించి తగలడమను" అంటారు. నేను "ఆటో సోదరులకు విజ్ఞప్తి, దయచేసి వాహనాన్ని ముందుకు తీసుకెళ్ళండి" అంటాను. సార్ "ఆ ముసలిదానికి కళ్ళు కనపడవా" అంటారు. నేను "పెద్దమ్మా, నెమ్మదిగా దాటండి" అంటాను. ప్రభుత్వం ఎంత మర్యాదగా మాట్లాడుతోందో అని జనం అనుకునేవారు. ప్రభుత్వానికి ఆ సంగతి తెలియదు.

నల్ల బట్టలు

పైనుంచి చూస్తే మనిషికి పేరుండదు. చొక్కా రంగే ఉంటుంది. "నీలం చొక్కా అన్నా, ఫోన్ పక్కన పెట్టండి" అనాలి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. అది నాకు అయ్యప్ప మాలల నెలలో తెలిసింది.

బండి నడుపుతూ ఫోన్లో మాట్లాడుతున్న ఒకాయన కనిపించాడు. చూసింది చూసినట్టు చెప్పాను. "నల్ల బట్టలు వేసుకున్న స్వామీ, బండి పక్కకు తీసి ఆపండి."

చౌరస్తాలో ఉన్న స్వాములందరూ ఆగిపోయారు. బైకుల మీదవాళ్ళు బైకులు ఆపారు. ఒక ఆటో నిండా స్వాములుంటే ఆ ఆటో ఆగింది. చాయ్ హోటల్లో కూర్చున్న ఒక స్వామికి అసలు బండే లేదు. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, వచ్చి వరసలో నిలబడ్డాడు. అందరూ చేతులు కట్టుకుని కెమెరా వైపు తలెత్తి చూస్తున్నారు. ఫోన్ మాట్లాడినాయన మాత్రం మాట్లాడుకుంటూనే వెళ్ళిపోయాడు.

దేవదానం అన్న కుర్చీలోంచి జారేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక మళ్ళీ తెర వైపు చూశాను. అంతమందిలో ఒక్కరైనా "ఎందుకు" అని అడగలేదు. ఆగమంటే ఆగారు. ఇక వెళ్ళండి అని నేను చెప్పేదాకా కదలలేదు. నా గొంతుకు అంత బలం ఉండకూడదు. ఎవరి గొంతుకైనా ఉండకూడదేమో.

సార్‌కు కూడా అదే విషయం అర్థమైంది. ఆయనకు మాత్రం సంతోషం వేసింది.

హెల్మెట్ నుంచి పుస్తెల దాకా

చేరబోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మైకు మొదట చట్టం చెబుతుంది. కొన్నాళ్ళకు అలవాట్లు చెబుతుంది. ఆ తర్వాత పై అధికారి అభిప్రాయాలు చెబుతుంది. ఎప్పుడు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారామో తెలియదు, ఎందుకంటే కుర్చీ అదే, బటన్ అదే.

హెల్మెట్లు అయ్యాయి. "ఉమ్మవద్దు" అయింది. బాగానే ఉంది, నాకూ ఉమ్మితే అసహ్యమే. తర్వాత "పనిలేకుండా నిలబడవద్దు" వచ్చింది. పనుందో లేదో కెమెరాకు ఎలా తెలుస్తుంది? తర్వాత "అంత గట్టిగా నవ్వుతున్నారెందుకని అడుగు" అన్నారు సార్, ఐస్‌క్రీమ్ బండి దగ్గర కాలేజీ అమ్మాయిలను చూపించి. దాన్ని ఎంత చెరిగినా గింజ మిగల్లేదు. మైకు ఆగిపోయిందని అబద్ధం చెప్పాను.

ఒకరోజు పార్కు బెంచీ మీద ఒక ఆడామగా కూర్చున్నారు. ఆమె ఆయన భుజం మీద తల వాల్చింది.

"వాళ్ళెవరో అడుగు" అన్నారు సార్.

"సార్, పార్కే కదా సార్."

"పార్కు కాబట్టే అడగమంటున్నా. అడుగమ్మాయ్."

"బెంచీ మీద కూర్చున్నవారికి విజ్ఞప్తి. ఇది బహిరంగ ప్రదేశం. దయచేసి మీరెవరో..." అని ఏదో నసిగాను. ఆమె ఉలిక్కిపడి లేచింది. చుట్టూ చూసి, స్తంభం మీది కెమెరాను కనిపెట్టింది. నేరుగా దాని కిందికి వచ్చి, మెడలోంచి పుస్తెలతాడు పైకి లాగి, రెండు చేతులతో కెమెరాకు పట్టి చూపించింది. తెర నిండా పుస్తెలు. ఆమె ఏదో అరుస్తోంది. మా కెమెరాలకు చెవులు లేవు. అయినా గదిలో అందరికీ వినిపించింది.

వాళ్ళు చిలుకూరు నుంచి దవాఖానకు వచ్చారని, ఆమెకు జ్వరమని, డాక్టర్ వచ్చేదాకా నీడకు కూర్చున్నారని తర్వాత బీటు కానిస్టేబుల్ చెప్పాడు.

"సరే, పెళ్ళయినవాళ్ళే కదా, వదిలేయ్" అన్నారు సార్, వరమిచ్చినట్టు. నాకైతే ఆ రోజంతా కుర్చీలో సరిగ్గా కూర్చోబుద్ధి కాలేదు. లేవడం, నీళ్ళు తాగడం, మళ్ళీ కూర్చోవడం.

గ్రూప్స్‌కు చదివే అలవాటుండేది నాకు. ఖాళీ దొరికినప్పుడల్లా పాలిటీ గైడు టేబుల్ కింద తెరిచేదాన్ని. ప్రాథమిక హక్కుల అధ్యాయంలో హక్కుకు ఒక లైనుంటే, సహేతుకమైన పరిమితులకు అర పేజీ ఉంటుంది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు దగ్గర పెన్సిల్‌తో గీత గీస్తుంటే సార్ వెనక నుంచి చూశారు.

"మంచి ప్రశ్నే, పరీక్షలో వస్తది. అక్కడ రాయి. ఇక్కడ వాడకు" అన్నారు. ఆయన కోదాడ అవతలి మనిషి. ఆయన మాటలో రెండు రాష్ట్రాలూ కలిసేవి.

చెడ్డవాడు కాదు, అదీ చెప్పాలి. నాకు జ్వరమొస్తే జీపులో ఇంటికి పంపారు. కానీ తెరల ముందు కూర్చున్నప్పుడు ఆయనకు ఊరు ఒక టేబుల్‌లా కనిపించేది. టేబుల్ మీద వస్తువులు సర్దినట్టు జనాన్ని సర్దాలనిపించేది.

ఎల్లమ్మ

చౌరస్తాకు ఒక పక్క కూలీల అడ్డా. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు టిఫిన్ డబ్బాలతో, మట్టి మోసే ఇనప గమేళాలతో వచ్చి నిలబడతారు. మేస్త్రీలు వచ్చి, ఎంతమంది కావాలో అంతమందిని పిలుచుకుపోతారు. ఎండెక్కేదాకా ఎవరూ పిలవకపోతే ఆ రోజుకు పని లేనట్టే. అడ్డా అంటే వాళ్ళకు ఆఫీసు. తలుపు, గోడ, కుర్చీ లేని ఆఫీసు.

ఒక పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని, మా తెరలు కూడా చూస్తాడని కబురొచ్చింది. సార్ తెరల ముందు నిలబడి అడ్డా మీద వేలు పెట్టారు.

"ఇదేంటి, చీమలపుట్టలా ఉంది? దీన్ని తీసేయాలి. ఆయనొచ్చే రోజు ఖాళీగా కనబడితే చాలు, అదే రోజు బారికేడ్లు పెట్టేస్తాం. బైపాస్ అవతలికి పొమ్మందాం."

"గాడికి మేస్త్రీలు రారు సార్" అన్నాడు దేవదానం అన్న. "అడ్డా జరిగిందంటే ఇగ వీళ్ళకు పని ఖతం."

"అది లేబర్ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది."

"ఆర్డరుందా సార్?"

"పైనుంచి."

నేను అప్రయత్నంగా పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున మొదటి పని అదే. "నలుగురికి మించి గుంపుగా నిలబడరాదు. అడ్డాను వెంటనే ఖాళీ చేయగలరు." కిటికీలోంచి ఆ మాట తిరిగి వస్తుంటే చెవులు మూసుకోవాలనిపించేది.

మా ఊరి నుంచి వచ్చే బస్సులోనే అడ్డా ఆడవాళ్ళు కూడా వచ్చేవారు. ఎల్లమ్మ నా ముందు సీటు. తల్లిగారిది వేములపల్లి, మా పక్క ఊరికి కోడలుగా వచ్చింది. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆమె తిట్టేది నన్నే. ఆమెకు ఆ సంగతి తెలియదు.

"గా మైకుల పొల్ల నోట్లె మన్ను వడ! పొద్దుగాల మొదలువెడ్తది, పోండ్రి పోండ్రి అని. దాని అయ్య జాగనా అది?"

"దయచేసి అంటది గదనే అక్కా" అని పక్కామె నవ్వేది.

"దయచేసి మెడ కోస్తనంటే ఊకుంటమా?"

నేను కిటికీలోంచి వరిచేలు చూసేదాన్ని. వారం పాటు అంత శ్రద్ధగా వరిచేలు చూసినవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆ బస్సులో నాకు మాట్లాడే అవసరం రాదు. కండక్టర్‌కు తెలుసు, ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఒకరోజు కొత్త కండక్టర్ వచ్చాడు. "యాడికి?" అన్నాడు. వేలితో ముందుకు చూపించాను. "యాడికమ్మా, నోరు లేదా?" అన్నాడు. చెప్పక తప్పలేదు.

"చౌరస్తా దగ్గర ఆపగలరు."

మైకు భాష అలవాటైపోయింది. ఆ "గలరు" దగ్గర ఎల్లమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. పక్కామె కూడా తిరిగింది.

"నువ్వేనా?" అంది ఎల్లమ్మ.

తలూపాను.

"ఓయమ్మ! గింత సన్న పొల్లవా? నేను పెద్ద పోలీసామె అనుకుంటి. లావుగ, టోపీ గీపీ వెట్టుకొని." ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "తిన్నవా బిడ్డా పొద్దుగాల?"

తిట్టినా బాగుండేది.

"నేను కాదమ్మా, సార్ చెప్పమంటే..." అన్నాను.

"సార్ గొంతు మాకు ఇనవడదు బిడ్డా. నీదే ఇనవడ్తది." కోపంగా అనలేదు. ఎండగా ఉంది అన్నట్టు అంది. "నలుగురే నిలవడాల్నంటివి. సరే, నలుగురే నిలవడ్తం. అప్పుడైతే ఊకుంటవా?"

మరుసటి రోజు తెర మీద చూసి నివ్వెరపోయాను. అడ్డా మీద అందరూ నలుగురు నలుగురుగా నిలబడ్డారు. ఒక్కో నలుగురికీ మధ్య టిఫిన్ డబ్బాలు పేర్చి హద్దు పెట్టుకున్నారు. ఐదో మనిషి బస్సు దిగి వస్తే, ఇంకో ముగ్గురు దిగేదాకా దూరంగా ఒంటరిగా నిలబడింది. పైనుంచి చూస్తే ముగ్గు చుక్కల్లా ఉంది.

సార్ చాలాసేపు చూశారు.

"ఇది ఇంకా ప్రమాదం. గుంపుగా ఉంటే గుంపు. ఇంత పద్ధతిగా ఉన్నారంటే ఏదో ప్లాన్ ఉంది."

ప్రభుత్వంతో వచ్చిన చిక్కే ఇది. గజిబిజిగా ఉంటే మచ్చ, వరసగా ఉంటే కుట్ర.

నలుగురితో పడని స్లాబు

పెద్ద అధికారి రాక ఖరారైన రోజే దేవదానం అన్న ఇంటి స్లాబు. పాపం, ఆయన ముందే పెట్టుకున్నాడు. సెంట్రింగ్ సామాను కిరాయికి తెచ్చాడు, కాంక్రీటు కలిపే మిల్లర్ మాట్లాడాడు, పాస్టర్ గారు ప్రార్థనకు వస్తానన్నారు. స్లాబు రోజు పనివాళ్ళకు మాంసం కూర, బగారన్నం పెట్టడం మా వైపు మామూలే. దానికి మేక కూడా సిద్ధమైంది. స్లాబు అనేది నలుగురితో పడేది కాదు. మిల్లర్ తిరగడం మొదలయ్యాక గమేళాలు చేతులు మారుతూ ఆగకుండా పైకి పోవాలి. మధ్యలో ఆగితే కాంక్రీటు గడ్డకడుతుంది.

పొద్దున అడ్డా చుట్టూ కానిస్టేబుళ్ళు. ఒక పక్క బారికేడ్లు దింపి ఉన్నాయి. అడ్డా మీద మనుషులు మాత్రం కదలడం లేదు. ఆ రోజు కదిలితే మళ్ళీ రానివ్వరని వాళ్ళకు తెలిసిపోయింది. దేవదానం అన్న ఫోన్ మోగింది. స్లాబు పనికి మాట్లాడుకున్న పెద్దవూర మేస్త్రీ. ఆయన గొంతు గదంతా వినిపించింది.

"అన్నా, అడ్డా మీదికి పోలీసోళ్ళు రానిస్తలేరే!"

"నేనే పోలీసోన్నిరా అయ్యా."

"గందుకే నీకు చేసిన. జర చెప్పరాదు మీవోళ్ళకు!"

అన్న ఫోన్ పెట్టి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని సార్ ముందు నిలబడ్డాడు.

"సార్, ఇయ్యాల నా స్లాబు సార్. నలుగురితోని పడదు సార్."

సార్ గడియారం చూశారు. కాన్వాయ్ సూర్యాపేట హైవే దాటిందని వైర్‌లెస్ సెట్‌లో చెబుతున్నారు. ఆయన విసుగ్గా చెయ్యి ఊపారు. "సరేనయ్యా. నీ స్లాబుకి వచ్చేవాళ్ళని ఉండనివ్వు, మేస్త్రీ తీసుకుపోతాడు. మిగతావాళ్ళని తరిమేయండి. అమ్మాయ్, మైకులో చెప్పు."

నేను మైకు దగ్గరికి లాక్కున్నాను. ఐదుగురు నిలబడితే నేరం. దేవదానం స్లాబుకు ముప్పైమంది నిలబడితే నేరం కాదు. దీన్ని ఎలా చెరగాలి? "నిర్మాణ కార్మికులు మినహా" అనొచ్చు. "అనుమతి ఉన్నవారు" అనొచ్చు. ఇలాంటి మాటలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. అన్నీ ఆ పూట నాలుక మీదికి వచ్చాయి. తెర మీద ఎల్లమ్మ, తలకు గుడ్డ చుట్టుకుని, తన నలుగురిలో నిలబడి ఉంది.

"ఎవరి స్లాబని చెప్పమంటారు సార్?" అని అడిగాను.

"దేవదానం స్లాబనే చెప్పు! లేకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఆ రోజు చెరగలేదు. ఉన్నది ఉన్నట్టు పోశాను.

"అడ్డా మీద ఉన్నవారికి తెలియజేయునది. హెడ్ కానిస్టేబుల్ దేవదానం గారి ఇంటి స్లాబుకు వచ్చేవాళ్ళు గుంపుగా నిలబడవచ్చు. స్లాబుకు రానివాళ్ళు గుంపుగా నిలబడటం చట్టవిరుద్ధం. ఇది ఇన్‌స్పెక్టర్ సార్ ఆదేశం."

కిటికీలోంచి నా గొంతు తిరిగి వచ్చింది. "ఆదేశం" అన్న మాట మిల్లుల రోడ్డు వైపు ఇంకోసారి వినిపించింది. దేవదానం అన్న కళ్ళు మూసుకుని పెదవులతో ఏదో ప్రార్థన చేసుకుంటున్నాడు.

తెర మీద చాయ్ హోటల్ ముందు ఒకాయన నడుం పట్టుకుని వంగిపోయాడు. నవ్వుతున్నాడని కాసేపటికి తెలిసింది. ఆ నవ్వు చౌరస్తా అంతా పాకడం పైనుంచి స్పష్టంగా కనిపించింది, గాలికి వరి వంగినట్టు. నలుగురు నలుగురుగా ఉన్నవాళ్ళు కలిసిపోయారు. రోడ్డుకు అవతల ఉన్నవాళ్ళు ఇవతలికి వచ్చారు.

సెట్‌లో కానిస్టేబుల్ గొంతు. "సార్, స్లాబుకు ఎవరని అడిగిన సార్. అందరు స్లాబుకే అంటున్నరు సార్."

"అందరూనా? ఆ చాయ్ హోటలోడు?"

"స్లాబు కాడ చాయ పోస్తడంట సార్."

"నల్లకోటు వేసుకున్నాడు, ఆ లాయర్ ఎందుకున్నాడక్కడ?"

"గమేళాలు మోస్తనంటుండు సార్."

"చేతికర్ర పట్టుకున్న ఆ ముసలాయన?"

సెట్ కాసేపు గరగరలాడింది. "క్యూరింగ్‌కట సార్. నీళ్ళు కొడ్తడంట."

సార్ నా చేతిలోంచి మైకు లాక్కున్నారు. ఆయన గొంతు ఊరికి వినిపించడం అదే మొదటిసారి. "ఏయ్! దేవదానం స్లాబుకి ముప్పైమంది చాలు! మిగతావాళ్ళు పొండి!"

ఊరంతా వినేలా ఇన్‌స్పెక్టర్ గారు స్లాబుకు కూలీలను లెక్క కడుతున్నారు. ఎల్లమ్మ కెమెరా కిందికి వచ్చి, గమేళా తల మీద బోర్లించుకుని ఏదో చెప్పింది. సెట్‌లో కానిస్టేబుల్ నవ్వు ఆపుకుంటూ దాన్ని అందించాడు.

"సార్, గీడ ఎల్లమ్మని ఒకామె. పెద్ద స్లాబంట సార్, ముప్పైమంది సరిపోరంట. కావాల్నంటే మిమ్ముల గూడ రమ్మంటుంది సార్."

అంతలో సైరన్ వినిపించింది. తరమడానికి ఇక సమయం లేదు. కాన్వాయ్ చౌరస్తాలోకి వచ్చేసరికి ఇంతమంది గమేళాలు ఊపుతూ నవ్వుతున్నారు. పెద్ద అధికారి తనకే స్వాగతం చెబుతున్నారనుకున్నాడు. కారు అద్దం దించి, రెండు చేతులూ బయటపెట్టి, అడ్డా దాటేదాకా నమస్కారం పెడుతూనే వెళ్ళాడు. పైకి వచ్చి తెరలు చూసి, "ఇక్కడ ప్రజలతో మీకు మంచి సంబంధాలున్నాయే" అని సార్ భుజం తట్టాడు. అలా మెచ్చుకున్న చోట ఆ మధ్యాహ్నమే బారికేడ్లు పెట్టడం ఎవరివల్లా కాదు.

ఆ తర్వాత

దేవదానం అన్న స్లాబు పడింది. లాయర్ నిజంగానే వచ్చాడు, భోజనాల వేళకు. చాయ్ హోటల్ ఆయన వచ్చాడు. చేతికర్ర ముసలాయన నిజంగానే నీళ్ళు కొట్టాడు. ఒక మేక చాలలేదు.

నాకు సూపర్‌వైజర్ ఫోన్ వచ్చింది ఆ మధ్యాహ్నమే, అన్న ఇంటి ముందు విస్తరి పట్టుకుని నిలబడి ఉండగా. దేవదానం అన్నకు మెమో వచ్చింది. ఆ సంగతి ఆయనే చెప్పాడు, నా విస్తట్లో కూర వేస్తూ.

"సెరగకుంటనే పోసినవ్ గద బిడ్డా."

"అవునన్నా."

"రాయి పంటి కిందికి సార్‌కే వచ్చింది." ఆయన గరిటె కాసేపు గాల్లో ఆపాడు. కోపమో నవ్వో నాకు తెలియలేదు. "తిను, సల్లారుతది."

చేరబోయే చెల్లెళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. ఉద్యోగం వద్దనను. ఇంటి కిరాయి కట్టాలి, నాకు తెలుసు. రోడ్డు దాటలేక తికమకపడే పెద్దమ్మకు ఒక మెత్తటి గొంతు నిజంగా ఉపయోగపడుతుంది. కానీ చెరిగేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. రాళ్ళు తీస్తున్నది తినేవాళ్ళ కోసమా, పెట్టేవాళ్ళ పరువు కోసమా? రెండోదైతే చేట పక్కన పెట్టండి. మాట ఎలా ఉందో అలాగే జనం ముందు పోయండి. ఆ తర్వాత సంగతి వాళ్ళు చూసుకుంటారు. మనం అనుకున్నదానికన్నా బాగా చూసుకుంటారు.

సార్ ఇప్పుడు ఇంకో చోట ఉన్నారు. అక్కడా మైకులున్నాయట.

అడ్డా అక్కడే ఉంది. దింపిన బారికేడ్లు ఎవరూ వెనక్కి తీసుకుపోలేదు. ఆడవాళ్ళు వాటికి టిఫిన్ సంచులు తగిలిస్తున్నారు. కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్ళెవరైనా అక్కడివాళ్ళను ఎందుకు నిలబడ్డారని అడిగితే, పని ఉన్నా లేకపోయినా ఒకటే జవాబు వస్తుంది. మొన్న నేను కోదాడ బస్సు కోసం అక్కడ నిలబడ్డాను. ఒక కుర్ర కానిస్టేబుల్ లాఠీ ఊపుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు.

"ఏందమ్మా, గీడెందుకు నిలవడ్డవ్?"

"స్లాబుకు సార్" అన్నాను.

"ఏంది? గట్టిగ చెప్పు."

గట్టిగానే చెప్పాను. మైకు లేకుండా నా గొంతు రోడ్డు దాటి అవతలికి వెళ్ళింది. అవతల నిలబడి ఉన్నవాళ్ళు కూడా, ఒకరి తర్వాత ఒకరు, స్లాబుకే అన్నారు.